ఎడమ తొడ కొలత

నా తమ్ముడు బొత్తాం నాకు చేసిన ద్రోహం గురించి చెబితే మా బజారులో ఎవరూ నమ్మరు. "అంత సేవ చేసిన తమ్ముణ్ణి పట్టుకుని ఆ మాటలేంటి మాస్టారూ" అంటారు. ఆ సేవ గురించే నేను చెప్పేది. కొట్టి చెడగొట్టినవాళ్లని చాలామందిని చూశాను గానీ, కాళ్లు పట్టి చెడగొట్టినవాణ్ణి వీణ్ణొక్కణ్ణే చూశాను.

బొత్తాం వాడి అసలు పేరు కాదు. నాలుగేళ్లప్పుడు నాన్న డబ్బాలోంచి కోటు బొత్తాం ఒకటి మింగి, రెండు రోజులపాటు ఇంటిల్లిపాదినీ వాడి వెనకాలే తిప్పించుకున్నాడు. అది బయటపడింది, పేరు మాత్రం ఉండిపోయింది.

మాది బట్టలు కుట్టే దుకాణం. కింద ఒక గది, పైన ఒక గది, మధ్యలో నిటారుగా పద్నాలుగు మెట్లు. కింద రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, ఒక మూలకి తెర కట్టిన ట్రయల్ రూము. పైన ఎనిమిదడుగుల కటింగ్ బల్ల, పెద్ద కిటికీ, గుడ్డల బీరువా. పైన నేను కోస్తాను, కింద వాడు కుడతాడు. ఐదో తరగతి సగంలో నన్ను బడి మాన్పించి నాన్న ఆ బల్ల ముందు నిలబెట్టాడు. అప్పుడు బల్ల అందక పీట మీద నిలబడేవాణ్ణి. కోత పని కూర్చుని అయ్యేది కాదు. బల్ల చుట్టూ తిరగాలి, వంగాలి, చెయ్యి చాచి సుద్దగీత లాగాలి, కత్తెరతో పాటు మనిషీ నడవాలి. గుడ్డ మీద ఒకసారి కత్తెర పడ్డాక వెనక్కి తీసుకునేది లేదు కాబట్టి దుకాణం పేరంతా కోసేవాడి చేతిలో ఉంటుంది. కుట్టేవాళ్లు మారినా కస్టమరు మారడు. కోసేవాడు మారితే మారతాడు.

నాన్న పోయేముందు ఒక కాగితం రాశాడు. కింది గది మిషన్ మీద కూర్చున్నవాడిది, పై గది బల్ల ముందు నిలబడి కోసేవాడిది. దాని కింద ఇంకో ముక్క కూడా ఉంది. కోసేవాడు ఆర్నెల్లు వరసగా ఆ బల్ల ముందు నిలబడలేకపోతే, ఆ తర్వాత కూడా నిలబడగలడని చూపించలేకపోతే, గది రెండోవాడికి పోతుంది. నాన్నకి ఆ పట్టింపు ఊరికే రాలేదు. మా పెదనాన్న పని మానేశాక కూడా తొమ్మిదేళ్లు ఆ గదికి తాళం వేసుకుని తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరిగాడట. నాన్న అన్నాళ్లూ ఇస్త్రీ బల్ల మీద కోశాడు. ఆ కాగితం మా మామయ్య దగ్గర, అంటే అమ్మ తమ్ముడి దగ్గర ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరం విప్పి చూడలేదు. విప్పాల్సిన పని పడలేదు.

నలభై మూడేళ్లు నిలబడ్డాక నా ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేసి కొత్తది వేశారు. ఆ డాక్టరు మీద నాకే కోపమూ లేదు. ఆయన పెట్టిన మోకాలు ఇవాళ్టికీ కిర్రుమనలేదు. పదిహేనో రోజున కర్ర పట్టుకుని, రెండో నెల కర్ర లేకుండా నడిచాను. నొప్పి లేదు. నాలాంటి మూర్ఖుడికి అంతకంటే ఏం కావాలి. నొప్పి పోయింది కాబట్టి కాలు వచ్చేసిందనుకున్నాను.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి ఒకామె ఉండేది. పొట్టిగా, గట్టిగా మాట్లాడేది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి "నొక్కండి" అనేది. నేను నొక్కుతూనే ఉన్నాననుకునేవాణ్ణి, తొడ మాత్రం కదిలేది కాదు.

"అది నిద్రపోతోంది. ఆపరేషన్ దెబ్బకి తొడ కండ అలా మొద్దుబారిపోతుంది. మీరే లేపాలి. రోజూ లేపాలి. లేకపోతే దానికి పడుకోవడమే అలవాటవుతుంది."

ఆరుసార్లు వెళ్లాను. ఏడోసారి బయల్దేరుతుంటే బొత్తాం అడ్డం వచ్చాడు.

"ఎందుకన్నా ఈ తిరుగుడు. ఆటోలో ఆ కుదుపులకి కుట్లు పట్టేస్తాయి. ఇంట్లో చేసుకోలేవా ఏంటి, తువ్వాలు నొక్కడమేగా. మన ఇంట్లో తువ్వాళ్లకి కరువా."

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఇంట్లో నాలుగు రోజులు నొక్కి మానేశాను.

దుకాణానికి వెళితే వాడు నాకోసం ఇస్త్రీ బల్ల పక్కన ఎత్తు కుర్చీ వేశాడు, దిండుతో సహా. గుడ్డలు పైనుంచి వాడే మోసుకొచ్చేవాడు. "నువ్వు లేవకన్నా." సుద్ద కింద పడితే "నువ్వు వంగకన్నా." నీళ్లకి లేవబోతే మరదలు చెంబుతో ఎదురు. "బావగారూ, మేం లేమా." చిన్న చిన్న కోతలు కూర్చునే కోసేవాణ్ణి, చొక్కా చేతులు, కాలర్లు. ప్యాంట్లూ కోట్లూ ఆ బల్ల మీద పట్టవు. "వాటికి నువ్వు గీతలు చెప్పు, పైన నేను కోసుకొస్తా. నీ చేతి తీరు నాకు తెలియదా" అనేవాడు. చెప్పాను. మూడో నెలకి చెప్పకుండానే కోసుకొచ్చాడు. నేను చూసి, బాగుందన్నాను కూడా.

మా ఆవిడ మాత్రం మొదట్నుంచీ గొణుగుతూనే ఉంది.

"మీ తమ్ముడు మిమ్మల్ని పెళ్లికొడుకులా కూర్చోబెట్టాడు. మెట్లెప్పుడు ఎక్కుతారు?"

"తొందరేముంది. ముందు కాలు కుదుటపడనీ."

"కుర్చీలో కాలు కుదుటపడదు, కుర్చీ కుదుటపడుతుంది."

ఆడవాళ్ల అనుమానం అనుకున్నాను. తోటికోడళ్ల మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

రెండో నెల చివర్లో బొత్తాం నాకు రెండు కొత్త ప్యాంట్లు కుట్టాడు. పాతవి ఎడమకాలి మీద గోనెసంచిలా వేలాడుతున్నాయని నాకూ తెలుసు, ఒళ్లు తగ్గిందనుకున్నాను. కొత్తది వేసుకుంటే రెండు కాళ్లూ సమంగా, పై నుంచి మడమ దాకా కత్తి పెట్టినట్టు నిలబడింది. బజారులో నాలుగడుగులు వేస్తే చెప్పుల కొట్టాయన, "ఆపరేషన్ అయినట్టే లేదే మాస్టారూ, కుంటు ఎక్కడా కనపడదు" అన్నాడు. నా జన్మలో ఒక ప్యాంటు చూసుకుని అంత మురిసింది లేదు.

ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి వీధి చివరి నుంచీ నన్ను చూస్తూ ఉంది.

"ప్యాంటు బాగా నడుస్తోంది. మీరే ఇంకా నడవటం లేదు" అంది.

ఆ ప్యాంట్లు కుట్టేటప్పుడే ఒక సంగతి జరిగింది. అప్పుడు పట్టించుకోలేదు. మా పనిలో కొలత తీసేవాడు పైకి చెప్పాలి, ఇంకొకరు పుస్తకంలో రాయాలి. నడుము ముప్పై ఆరు, తొడ ఇరవై ఒకటి, అలా. ఒక్కడే తీసి ఒక్కడే రాస్తే తప్పు పడుతుందని నాన్న పెట్టిన పద్ధతి. బొత్తాం ఆ రోజు నా తొడకి టేపు చుట్టి, చూసి, ఏమీ అనకుండా వెళ్లి వాడే రాసుకున్నాడు. "ఎంతరా" అంటే "నీ కొలత నాకు తెలియదా అన్నా" అన్నాడు. ఆ తర్వాత కూడా నెలకోసారి "లూజు చూస్తా ఉండు" అంటూ టేపు చుట్టేవాడు. తమ్ముడికి ఎంత శ్రద్ధ అనుకున్నాను.

ఐదో నెల దాటుతుండగా ఆ వ్యాయామాల అమ్మాయి మా దుకాణానికి వచ్చింది. తెల్లకోటు కుట్టించుకోవడానికి. బొత్తాం సామాన్లకి వెళ్లాడు, మరదలు ఇంట్లో ఉంది. "రండి రండి" అంటూ నేనే లేచాను. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, కుడికాలి మీద లేచి, తర్వాత ఎడమకాలిని పక్కకి లాక్కున్నాను. నాకైతే మామూలుగా లేచినట్టే ఉంది. ఆమె కోటు సంగతి మరిచిపోయింది.

"మళ్లీ కూర్చోండి. ఇప్పుడు చేతులు గుండెల మీద కట్టుకుని లేవండి."

లేవలేకపోయాను. సగం లేచి కుర్చీలో పడ్డాను. దిండు ఉంది కాబట్టి సరిపోయింది.

"అక్కడి దాకా నడవండి."

నడిచాను. చెప్పుల కొట్టాయన మెచ్చుకున్న నడక. ఆమె నా ముఖం చూడలేదు, ప్యాంటు కూడా చూడలేదు. వెనక నుంచి నా నడుము చూసింది.

"మడమ నేలకి తగలగానే మోకాలు కొంచెం వంగాలి. ఆ వంగినప్పుడు ఒంటి బరువుని తొడ ముందున్న కండ ఆపుకోవాలి. మీరు వంచట్లేదు. కాలిని కర్రలా పాతి దాని మీదుగా దాటేస్తున్నారు. బరువంతా కుడికాలిదీ నడుముదీ. ఆ కుడి మోకాలు ఎన్నాళ్లు మోస్తుంది చెప్పండి."

"నొప్పి లేదమ్మా."

"నొప్పి మోకాలిది. అది మార్చేశారు. కండని ఎవరూ మార్చలేదు. టేపు ఉందిగా, రెండు తొడలూ కొలవండి. మోకాలి చిప్ప పై అంచు నుంచి ఆరంగుళాలు పైకి."

టేపు నా మెడలోనే ఉంది. ట్రయల్ రూములోకి వెళ్లి తెర లాక్కుని ప్యాంటు విప్పాను. నలభై మూడేళ్లలో ఎంతమందినో ఆ అద్దం ముందు నిలబెట్టాను గానీ నన్ను నేను కొలుచుకున్నది లేదు. కుడి తొడ ఇరవైముప్పావు. ఎడమది పంతొమ్మిది. మళ్లీ చుట్టాను. పంతొమ్మిదే. చిప్ప పైన లోపలివైపు ఉబ్బెత్తుగా ఉండే చోట గుంట పడి ఉంది.

ప్యాంటు తిరిగి వేసుకోబోతుంటే దాని ఎడమకాలు బరువుగా తగిలింది. తిప్పి చూశాను. తొడ దగ్గర అస్తరు కింద పలచటి దూది పొర. కోటు భుజాలకి వేసే పొర అది. ఒక భుజం కుంగిన మనిషికి రెండో భుజంతో సమం చెయ్యడానికి వేస్తాం. పాదం మడతలో సన్నటి సీసపు గొలుసు ముక్క, గుడ్డ ఊగకుండా నిటారుగా పడటానికి. కుట్టు చూశాను. ఎవరి కుట్టో నేను చెప్పక్కర్లేదు, అంగుళానికి పన్నెండు పడే చెయ్యి అది.

బయటికొచ్చి కొలతల పుస్తకం తీశాను. నా పేజీలో బొత్తాం చేతిరాత. తేదీలతో సహా వరసగా నాలుగు కొలతలు. కుడి మాటే లేదు, అన్నీ ఎడమవే. ఇరవైంపావు. పంతొమ్మిదిముప్పావు. పంతొమ్మిదింపావు. పంతొమ్మిది.

ఆ అమ్మాయి కూడా చూసింది. పాపం, దుకాణం పద్ధతి అనుకుంది. "ఇంత బాగా రాసి పెట్టుకుని నా దగ్గరికి ఎందుకు రాలేదండీ" అంది.

"ఆర్నెల్లు నిండడానికి ఇంకా నెల రోజులు ఉన్నాయమ్మా నాకు. నిలబడగలనా?"

"నెలలో కొంత వస్తుంది. పూర్తిగా రావడానికి ఇంకో ఆర్నెల్లు పడుతుంది. అదీ చేస్తేనే."

సాయంత్రం బొత్తాం వచ్చాడు. దారాల సంచి ఇంకా భుజాన ఉండగానే పుస్తకం ముందు పెట్టాను.

"నీకు తెలుసు."

వాడు పేజీ చూసి, సంచి దించి, మిషన్ మీద కూర్చున్నాడు. కంగారు పడలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"తెలుసన్నా."

"చెప్పలేదేం?"

"నడక బాగుందంటే నువ్వు ఎంత సంబరపడ్డావో చూశాను. ఎట్లా చెప్పమంటావు. అయినా కస్టమరుకి ఒక భుజం కుంగి ఉంటే ముఖాన చెబుతామా? దూది వేసి పంపుతాం. ఆ పని నాకు నేర్పింది ఎవరు?"

"నేను నీ కస్టమర్నా?"

"ఇరవై ఆరేళ్లు నీ మెట్ల కింద మిషన్ తొక్కానన్నా. నువ్వు పైనుంచి గుడ్డ విసిరేవాడివి, నేను పట్టుకునేవాణ్ణి. ఒక్క కోటు కొయ్యనిచ్చావా? నా చెయ్యి కుదరదన్నావు. ఈ ఐదు నెలల్లో నేను కోసిన ఒక్కటైనా తిరిగొచ్చిందేమో చెప్పు."

తిరిగి రాలేదు. ఆ మాట నేను వాడికి చెప్పలేదు.

"దానికి నా కాలు కావాల్సి వచ్చిందా నీకు?"

"నీ కాలు నేనేం చెయ్యలేదు. కూర్చోమన్నాను. కూర్చున్నావు."

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో తువ్వాలు నేల మీదే ఉండేది. మా ఆవిడ పక్కన కూర్చుని ఒకటి రెండు అని లెక్కపెట్టేది. కుర్చీలోంచి చేతులు కట్టుకుని లేవడం, మొదట రెండు దిళ్లు వేసుకుని, తర్వాత ఒకటి, తర్వాత వట్టి కుర్చీ. ఒక మెట్టు ఎక్కడం, దిగడం. దిగడమే కష్టం. దిగేటప్పుడు పై కాలు మెల్లగా వంగుతూ మనిషిని దించాలి. నా కాలు దించేది కాదు, వదిలేసేది. పదో రోజున తొడలో సన్నగా వణుకు వచ్చింది. "లేచిందండీ మహారాజు" అంది మా ఆవిడ. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆర్నెల్లు నిండిన రోజున మామయ్య కాగితం పట్టుకుని వచ్చాడు. కబురు పెట్టింది బొత్తామే. పద్నాలుగు మెట్లూ కుడికాలు ముందు వేసి, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కటే ఎక్కాను. పైకి వెళ్లేసరికి చొక్కా తడిసింది. నా బల్ల ఎప్పటిలాగే ఉంది, కానీ సుద్దలు పెట్టే చోటు మారింది. వాడిది ఎడమచేతి వాటం.

మామయ్య ఎవరికీ చెడు కోరే మనిషి కాదు. కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"నిలబడి అని రాశాడు మీ నాన్న. కొయ్యగలవని నాకు తెలుసురా, అది కాదు ప్రశ్న. ఒక పూట నిలబడి కొయ్యి. మధ్యాహ్నం భోజనం దాకా. చాలు. ఇంక ఈ కాగితం నేనే చింపేస్తాను."

పదింటికి మొదలుపెట్టాను. కత్తెర చేతిలో పడగానే చెయ్యి అన్నీ గుర్తు తెచ్చుకుంది. మొదటి ప్యాంటు, రెండోది, మూడోది. బల్ల చుట్టూ తిరిగేటప్పుడు ఆ అమ్మాయి చెప్పినట్టే మడమ పెట్టి, మోకాలు వంచి, బరువు ఎడమకాలికి ఇచ్చాను. ఇస్తుంటే తీసుకుంది. పదకొండున్నర దాకా తీసుకుంది. నాలుగో ప్యాంటు దగ్గర చిప్ప పైన కండ ఎగరడం మొదలైంది. బరువు కుడికి మార్చాను. కాసేపటికి కుడి మోకాలు కూడా మంటెత్తింది. ఐదోది కోస్తూ తుంటి బల్లకి ఆనించాను. మామయ్య చూసీ చూడనట్టు గడియారం వైపు తిరిగాడు. పన్నెండూ ఇరవై అయింది. ఇంకో నలభై నిమిషాలు. పళ్లు బిగించి అయినా నిలబడేవాణ్ణి. ఈ మాట నేను దేవుడి ముందు కూడా చెబుతాను.

అప్పుడు బొత్తాం మెట్లెక్కి వచ్చాడు. చేతిలో కింది గది ఎత్తు కుర్చీ, దిండుతో సహా. చప్పుడు చెయ్యకుండా నా వెనకాల పెట్టాడు.

"కూర్చో అన్నా" అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు, రోజూ అన్నట్టే.

కూర్చున్నాను.

కూర్చోవాలని నేను అనుకోలేదు. ఆ మాట వినగానే కాళ్లే కూర్చున్నాయి. నాలుగు నెలలు రోజుకి పది పన్నెండు సార్లు ఆ మాటకి కూర్చోవడం నేర్చుకున్న కాళ్లు. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. ఐదో ప్యాంటు సగంలో ఉంది. కూర్చున్నాను కాబట్టి బల్ల మీది గుడ్డ నాకు అందటం లేదు.

మామయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మామయ్యా, వాడు కావాలని..."

"వాడు కుర్చీ వేశాడురా. నిన్ను తొయ్యలేదు. నేనేం చెయ్యను?"

బొత్తాం నా చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. లాక్కోలేదు, తీసుకున్నాడు. మిగిలిన సగం వాడే కోశాడు. సుద్దగీత మీద వెంట్రుకవాసి కూడా తప్పలేదు. అది కూడా నేను కూర్చునే విన్నాను, గుడ్డ మీద కత్తెర చప్పుడు.

అందరూ దిగిపోయాక మా ఆవిడ నా కోసం మెట్ల కింద నిలబడి ఉంది. "ఎడమది ముందు. నెమ్మదిగా" అంది.

ఇప్పుడు ఆపరేషన్ అయి ఏడాది దాటింది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లేస్తాను. ఎడమ తొడ ఇరవైంపావు. బస్టాండు పక్కన రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని చొక్కాలు కోస్తున్నాను, పొద్దుట నుంచి సాయంత్రం దాకా నిలబడే కోస్తున్నాను. మొన్న ఆ అమ్మాయి దారిన పోతూ చూసి, "ఇప్పుడు నడక వచ్చిందండీ" అంది. వచ్చింది. నేను కాదనను.

గది తమ్ముడి పేరు మీదికి మారుస్తూ మామయ్య రాయించిన కాగితం మీద నేను సంతకం పెట్టాను. రాయడం తక్కువ గానీ చదవడం వచ్చు. అందులో ఉన్నది ఇది: పై గది, పొడవు పదహారడుగులు, వెడల్పు పదకొండడుగులు, మొత్తం నూట డెబ్బై ఆరు చదరపు అడుగులు.